ఆవలి గోడ ఎందుకు మసకబారింది?

(గండికోటలో తెల్లవారుజామున ఫొటోలు తీయడానికి వచ్చిన ఔత్సాహికులతో ముందురోజు సాయంత్రం జమ్మలమడుగులో మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఫ్యాను చప్పుడులో నా మాట వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ఫ్యాను ఆపమని మాత్రం అడగొద్దు.

రేపు పొద్దున మనం నిలబడబోయే చోటుని మీలో చాలామంది ఫొటోల్లో చూసే ఉంటారు. ఇక్కణ్నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. కోటలోకి వెళ్లి, గుడీ మసీదూ దాటి ఇంకాస్త నడిస్తే ఉన్నట్టుండి నేల అయిపోతుంది. కింద దాదాపు 300 అడుగుల లోతున పెన్నా. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన నది అది. ఎదురుగా నిలువునా ఎర్రటి రాతిగోడ. మన కాళ్ల కింద కూడా అదే రాయి, పలకలు పలకలుగా, ఎవరో పేర్చి పెట్టినట్టు. ఎవరు వెళ్లినా ముందు తీసేది ఒకటే ఫొటో. కింద కాళ్ల దగ్గరి బండ, మధ్యలో నది వంపు, వెనక ఆవలి గోడ. నేనూ అదే తీశాను. ఈ గంటసేపూ ఆ ఫొటో గురించే చెబుతాను.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పుడే కొత్త వైడ్ లెన్సు కొన్నాను. ధర ఇంట్లో సగమే చెప్పాను. (నవ్వులు) ఫోన్లో డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా ఫొటో పదునుగా వస్తుందో, లెక్కకట్టే యాప్ వేసుకున్నాను. 24 మి.మీ. లెన్సు, ఎఫ్/11 (ఈ ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ అపెర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, చిన్నదవుతుంది) అని కొడితే, "మీటరూ డెబ్బై అయిదు సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ పెట్టు, 88 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా అంతా షార్ప్" అంది. ఆ మీటరూ డెబ్బై అయిదునే హైపర్‌ఫోకల్ దూరం అంటారు. నేను ఇంకో అడుగు ముందుకేసి, వడ్రంగి టేపు పట్టుకెళ్లి బండ మీద కొలిచి మరీ ఫోకస్ పెట్టాను. కెమెరా వెనక తెరమీద బ్రహ్మాండంగా ఉంది. వాట్సాప్‌లో పెడితే అందరూ బొటనవేళ్లు చూపించారు.

తర్వాత మా బావమరిది ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకుని, "హాల్లోకి నీ ఫొటో ఒకటి పెద్దది కావాలి బావా" అన్నాడు. 36 అంగుళాల వెడల్పున, 24 అంగుళాల ఎత్తున ప్రింటు వేయించాను. కట్టిన కాగితం విప్పాక చూస్తే, దగ్గరి బండ మీద నాచు మచ్చలు లెక్కపెట్టొచ్చు. ఆవలి గోడ మాత్రం ఎవరో వెన్న రాసినట్టుంది. పగుళ్లు లేవు, పొరలు లేవు, ఎర్రటి మెత్తని ముద్ద. గండికోట అంటే ఆ గోడే కదా! దాన్ని వదిలేసి ఎవరూ చూడని బండని పదునుగా తీసుకొచ్చాను.

మొదట తిట్టింది లెన్సుని. అంత డబ్బు పోసి కొంటే ఇదా అని. అదే లెన్సుతో మేడ మీదనుంచి దూరపు కొండకి ఫోకస్ పెట్టి తీస్తే అద్దంలా వచ్చింది. అప్పుడు అనుమానం యాప్ మీదికి పోయింది. యాప్ కూడా తప్పు చెప్పలేదు. "అంతా షార్ప్" అన్నప్పుడు దాని లెక్కలో షార్ప్ అంటే ఏమిటో నేను అడగలేదు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. లెన్సు ఒక సమయంలో ఒకే దూరానికి సరిగ్గా ఫోకస్ చేయగలదు. మీటరూ డెబ్బై అయిదు అంటే అక్కడ మాత్రమే. దానికి ముందూ వెనకా ఉన్న ప్రతి చుక్కా సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద చిన్న గుండ్రటి మచ్చగా పడుతుంది. ఫోకస్ పెట్టిన చోటుకి దూరం పెరిగేకొద్దీ మచ్చ పెద్దదవుతుంది. ఒక గీత గీసి ఇవతల షార్ప్, అవతల బ్లర్ అని ప్రకృతి ఎక్కడా చెప్పలేదు. ఆ గీత మనుషులు గీసుకున్నది. మచ్చ ఎంతవరకు ఉంటే కంటికి చుక్కలా కనిపిస్తుందో లెక్కేసి, ఫుల్‌ఫ్రేమ్ సెన్సరుకి, అంటే 36 మి.మీ. వెడల్పున్నదానికి, 0.03 మి.మీ. అనీ, దానికన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సరుకి 0.02 మి.మీ. అనీ ఒప్పందం చేసుకున్నారు.

ఆ ఒప్పందం వెనక ఒక ప్రింటు ఉంది. ఎనిమిది అంగుళాలకి పది అంగుళాల ప్రింటు. దాన్ని పుస్తకం పట్టుకున్నట్టు 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చూస్తున్న ఒక మామూలు మనిషి. ఆయన కంటికి 0.2 మి.మీ. కన్నా చిన్న మచ్చ చుక్కలాగే కనబడుతుందని అనుకున్నారు. 36 మి.మీ. వెడల్పున్న నెగెటివ్‌ని అంత ప్రింటు చెయ్యాలంటే ఏడెనిమిది రెట్లు పెంచాలి. 0.2ని ఎనిమిదితో భాగించండి, 0.025 వస్తుంది. కాస్త ఉదారంగా 0.03 అన్నారు. ఫిల్ము రోజుల లెక్క ఇది. పాత మాన్యువల్ లెన్సుల మీద డెప్త్ ఆఫ్ ఫీల్డ్ గీతలు చెక్కింది కూడా దాదాపు దీనితోనే.

మా బావమరిది ప్రింటు సంగతి చూడండి. 36 మి.మీ. సెన్సరు 36 అంగుళాలకి పెరిగింది. అంటే సుమారు పాతిక రెట్లు. 0.03 మి.మీ. మచ్చ గోడమీదికి వచ్చేసరికి 0.76 మి.మీ. అయింది. మీటరు దూరం నుంచి చూస్తే పర్వాలేదు, 25 సెంటీమీటర్ల దగ్గర 0.19 మి.మీ. చూసినట్టే లెక్క. కానీ కొత్తింట్లో కొత్త ఫొటో కదా, మా బావమరిది ముక్కు ఆనించి చూశాడు.

కంప్యూటర్లో వంద శాతం పెంచి చూసినా అంతే. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అడ్డంగా 6000 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ ఆరు మైక్రాన్లు, అంటే 0.006 మి.మీ. 0.03 మి.మీ. అంటే అయిదు పిక్సెళ్లు. ఒక్క పిక్సెల్లో ఉండాల్సిన చుక్క అయిదు పిక్సెళ్ల వెడల్పున అలుక్కుపోయినా యాప్ దాన్ని షార్ప్ అనే అంటుంది. 45 మెగాపిక్సెళ్లదైతే ఏడు పిక్సెళ్లు. అందుకే కెమెరా మార్చాక "పాత కెమెరాలోనే లెన్సు బాగా పనిచేసేది" అని గొణుగుతుంటారు కొందరు. లెన్సు మారలేదు, మీ చేతికి పెద్ద భూతద్దం వచ్చింది.

హైపర్‌ఫోకల్ దగ్గర ఫోకస్ పెట్టినప్పుడు అనంతం ఆ ఒప్పందపు గీత మీద సరిగ్గా నిలబడుతుంది. అంటే ఆవలి గోడకి మనం ఇస్తున్నది పాస్ మార్కులు. ముప్పై అయిదు. మన ఫొటోలో ఫస్ట్ క్లాసు రావాల్సింది దానికి!

నివారణ చాలా తేలిక. ఫోకస్‌ని వెనక్కి జరపడమే. అదే 24 మి.మీ., అదే ఎఫ్/11. మీటరూ డెబ్బై అయిదు బదులు మూడున్నర మీటర్ల దగ్గర పెట్టాను అనుకోండి. అనంతం దగ్గర మచ్చ సగానికి సగం తగ్గింది. మరి దగ్గర ఏం పోయింది? 88 సెంటీమీటర్ల నుంచి షార్ప్ అన్నది ఇప్పుడు 117 నుంచి మొదలవుతుంది. తేడా 29 సెంటీమీటర్లు. అడుగు కూడా కాదు. కాళ్ల ముందు అడుగు నేల వదులుకుంటే కిలోమీటర్ల కొద్దీ కొండ రెండింతలు పదునెక్కింది. ఇంత లాభసాటి బేరం మన పక్క పత్తి యార్డులో కూడా దొరకదు.

ఇంకా వెనక్కి, ఏకంగా అనంతానికే పెడితే? చాలామంది భయపడతారు, దగ్గరిదంతా పోతుందని. దీన్ని గురించి ఫోకస్ మీద పుస్తకం రాసిన, కెనడాకి చెందిన హెరాల్డ్ మెర్క్లింగర్ చెప్పిన మాట ఒకటుంది. నాకు అన్నింటికన్నా నచ్చిన మాట అది. లెన్సుని అనంతానికి ఫోకస్ చేస్తే, ఏ దూరంలో ఉన్న వస్తువైనా సరే, అపెర్చర్ రంధ్రం ఎంత వెడల్పుందో అంతమేరే అలుక్కుపోతుంది. సెన్సరు మీద కాదు, అక్కడ, ఆ వస్తువు మీద. మీటరు దూరంలో ఉన్న బండైనా అంతే, పది మీటర్ల దూరంలో ఉన్న చెట్టైనా అంతే.

రంధ్రం వెడల్పు ఎంతో తెలుసుకోవాలంటే లెన్సు మీద రాసిన మి.మీ. అంకె, అంటే ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగించడమే. 24ని 11తో భాగిస్తే 2.2 మి.మీ. కొర్ర గింజంత. అదే లెన్సు ఎఫ్/5.6 దగ్గర అయితే నాలుగు మి.మీ. పైన, జొన్న గింజంత. 70 మి.మీ. లెన్సు ఎఫ్/8 దగ్గర 8.75 మి.మీ., శనగ గింజంత. 200 మి.మీ. లెన్సు ఎఫ్/8 దగ్గర 25 మి.మీ., ఒక మంచి రేగుపండంత. ఇది పట్టుకుంటే టేపు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. మీ కాళ్ల దగ్గర మీకు కావాల్సిన వివరం కొర్ర గింజ కన్నా పెద్దదా చిన్నదా? బండ పగుళ్లయితే వేలంత వెడల్పుంటాయి. హాయిగా కనబడతాయి. గడ్డిపోచ మీద మంచుబిందువు కావాలంటే కనబడదు, అప్పుడు వేరే దారి చూడాలి.

నేను గండికోటలో ఇప్పుడు చేసేది ఇదే. ఆవలి గోడకి ఫోకస్ పెట్టి, అక్కణ్నుంచి రింగుని వెంట్రుకవాసి దగ్గరికి తిప్పుతాను. బండ కాస్త మెత్తగా వస్తే రానీ.

— సార్, ఫ్రేములో మూడో వంతు లోపలికి ఫోకస్ పెట్టాలంటారు కదా?

అంటారు. నేనూ చాలాకాలం అన్నాను, మా కుర్రాళ్లకి నేర్పాను కూడా. (నవ్వులు) దేంట్లో మూడో వంతు బాబూ? కాళ్ల దగ్గర్నుంచి అనంతం దాకా ఉన్న దూరంలో మూడో వంతు ఎక్కడ ఉంటుంది? అనంతమే కదా. ఆ మాట ఎక్కణ్నుంచి పుట్టిందంటే, షార్ప్‌గా ఉండే ప్రాంతం ఫోకస్‌కి ముందు ఒక పాలు, వెనక రెండు పాళ్లు ఉంటుందని. అది నిజమయ్యే చోటు ఒక్కటే ఒక్కటుంది. హైపర్‌ఫోకల్ దూరంలో సరిగ్గా మూడో వంతు దగ్గర ఫోకస్ పెట్టినప్పుడు. 24 మి.మీ., ఎఫ్/8 అయితే హైపర్‌ఫోకల్ 2.4 మీటర్లు. అందులో మూడో వంతు 80 సెంటీమీటర్లు. అక్కడ పెడితే 60 సెంటీమీటర్ల నుంచి మీటరూ ఇరవై దాకా షార్ప్. ముందు ఇరవై, వెనక నలభై, లెక్క కుదిరింది. కానీ అందులో కొండేదీ? మీ బూట్లు ఉన్నాయి. మనుషుల్ని దగ్గర్నుంచి తీసేవాళ్లకి పనికొస్తుందేమో, మనకి పనికిరాదు.

దగ్గరిది కూడా నిజంగా ముఖ్యమైనప్పుడు, ఉదాహరణకి బండల సందులో పూసిన పువ్వే ఫొటోకి ప్రాణమైనప్పుడు, ఒక తేలిక సూత్రం ఉంది. అతి దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో దానికి రెట్టింపు దూరంలో ఫోకస్ పెట్టండి. పువ్వు మీటరు దూరంలో ఉంటే రెండు మీటర్ల దగ్గర. అప్పుడు పువ్వుకీ ఆవలి గోడకీ మసక సరిసమానంగా పంచబడుతుంది. ఎవరికీ అన్యాయం జరగదు. ఎవరికీ పూర్తి న్యాయం కూడా జరగదనుకోండి, ఆ సంగతి తెలిసి చెయ్యాలి. 24 మి.మీ. ఎఫ్/11 అయితే రెండింటికీ 0.026 మి.మీ. మచ్చ వస్తుంది. మామూలు ప్రింటుకి సరిపోతుంది, మా బావమరిది ప్రింటుకి సరిపోదు.

మీ అందరి మనసులో ఉన్నది నాకు తెలుసు. అంత బాధెందుకు, ఎఫ్/22 పెట్టేస్తే పోదా అని. పెట్టండి. పెట్టి చూసి, మళ్లీ మానెయ్యండి.

ఇంటర్మీడియట్ ఫిజిక్సులో వివర్తనం అని చదువుకున్నాం, గుర్తుందా? నేను దాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయాను, పాతికేళ్ల తర్వాత కెమెరా పట్టుకున్నాక వచ్చి పట్టుకుంది. చిన్న రంధ్రంలోంచి వెళ్లిన వెలుగు చుక్కలా పడదు, చుట్టూ వలయాలతో చిన్న పళ్లెంలా పరుచుకుంటుంది. 1835లో జార్జ్ బిడెల్ ఎయిరీ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోపుల కోసం దీని లెక్క తేల్చాడు. ఆయన పేరుమీదే దాన్ని ఎయిరీ డిస్క్ అంటారు. ఆకుపచ్చ వెలుగుకి ఎఫ్/8 దగ్గర ఆ పళ్లెం వెడల్పు దాదాపు 0.011 మి.మీ., ఎఫ్/11 దగ్గర 0.015, ఎఫ్/16 దగ్గర 0.021. ఎఫ్/22 దగ్గరికి వచ్చేసరికి 0.03. ఈ అంకె ఎక్కడో విన్నట్టు లేదూ? మనం ఇంతకుముందు పాస్ మార్కులు అన్నదే. కాకపోతే పళ్లెంలో వెలుగంతా నడిమధ్యే ముద్దగా ఉంటుంది కాబట్టి కంటికి అంత ఘోరంగా అనిపించదు. అయినా తేడా స్పష్టం. డెప్త్ కోసం ఎఫ్/22కి పోతే దగ్గరిదీ దూరానిదీ ఒక్కలాగే మెత్తబడతాయి, ఫోకస్ పెట్టిన చోటుతో సహా. ఎంత ఖరీదైన లెన్సయినా ఇందులో మినహాయింపు లేదు. భౌతికశాస్త్రం లెన్సు రసీదు అడగదు.

— అయితే పాతకాలం వాళ్లు ఎఫ్/64 పెట్టి తీసేవాళ్లు కదండీ?

మంచి ప్రశ్నమ్మా. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ లాంటివాళ్లు కలిసి ఒక బృందం పెట్టుకుని దానికి ఎఫ్/64 అనే పేరు పెట్టుకున్నారు. అప్పటికి ఫొటోని మసకగా, పెయింటింగులా తీయడమే కళ అనే ఫ్యాషన్ ఉండేది. కాదు, అంతా పదునుగా ఉండాలి అన్నది వీళ్ల వాదం. కానీ వాళ్లు వాడింది మనలాంటి కెమెరా కాదు. వాళ్ల నెగెటివే ఎనిమిది అంగుళాలకి పది అంగుళాలు. దానికి మామూలు లెన్సు అంటే 300 మి.మీ. 300ని 64తో భాగించండి. 4.7. అంటే రంధ్రం ఎంతుంది? మన జొన్న గింజంతే! మన 24 మి.మీ. లెన్సు ఎఫ్/5.6 పెట్టినప్పుడు ఎంతుంటుందో ఇంచుమించు అంతే. నంబరు చూసి బెదిరిపోయాం గానీ రంధ్రం మారలేదు. పైగా వెస్టన్ లాంటివాళ్లు నెగెటివ్‌ని కాగితం మీద ఆనించి ఉన్నంత సైజులోనే ప్రింటు వేసేవాళ్లు. ఎఫ్/64 దగ్గర ఎయిరీ పళ్లెం 0.086 మి.మీ. పెంచడం లేదు కాబట్టి అది కంటికి ఆనదు.

మన హైదరాబాదు సంగతీ అంతే. ఆరో నిజాముకి ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ఉన్న రాజా దీన్ దయాళ్ తీసిన కోటలు, భవనాల ఫొటోలు చూడండి. రాళ్ల సందులు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ పదునులో సగం పెద్ద గాజు పలకలది, ఆనించి వేసిన ప్రింటుది. మిగతా సగం ఆయనది.

కాబట్టి ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లు ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య సుఖంగా ఉండండి. తప్పదనుకుంటే ఎఫ్/16. ఏపీఎస్-సీ వాళ్లు ఒక స్టాపు ముందే, అంటే రంధ్రం ఒక మెట్టు పెద్దదిగా ఉన్నప్పుడే, ఆగిపోండి.

ఇక లెన్సు పదును. దీనిమీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే దీనిమీదే అందరూ ఎక్కువ చెబుతారు. పూర్తిగా తెరిచినప్పుడు మధ్యలో బాగున్న లెన్సు మూలల్లో అలుక్కుపోవచ్చు. రెండు స్టాపులు మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఎఫ్/8 దగ్గర ఇప్పటి లెన్సుల్లో చవకదానికీ ఖరీదైనదానికీ తేడా మీరు ఊహించినంత ఉండదు.

నేను మాత్రం కొత్త లెన్సుకి రెండు పరీక్షలు పెడతాను. ఒకటి, మేడ ఎక్కి దూరంగా ఉన్న సెల్ టవర్‌నో నీళ్ల ట్యాంకునో మధ్యలో పెట్టి ఫోకస్ చేసి, ఫోకస్ కదపకుండా దాన్నే నాలుగు మూలలకీ తెచ్చి నాలుగు ఫొటోలు తీస్తాను. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే అది లెన్సు గుణం. మూడు బాగుండి ఒక్క మూల చెడితే లోపల ఏదో గాజు పక్కకి జరిగింది, షాపువాడికి తిరిగిచ్చెయ్యండి. ఇటుక గోడ ముందు నిలబడి తీసే పరీక్ష మాత్రం వద్దు. గోడకి మీరు ఒక డిగ్రీ వంకరగా ఉన్నా లెన్సు మీద నింద పడుతుంది.

రెండోది నాకు సరదా. మిరపకాయలు ఆరబోసిన కళ్లం దొరికితే, మోకాలి ఎత్తున కెమెరా పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, మధ్యలో ఫోకస్ పెట్టి తీస్తాను. ఫొటోలో పదునుగా ఉన్న మిరపకాయలు ఒక గీతలా కనబడతాయి. గీత తిన్నగా ఉంటే మంచిదే. చాలా వైడ్ లెన్సుల్లో అది తిన్నగా ఉండదు, విల్లులా వంగుతుంది. అంచుల్లో మనవైపుకి వంగే లెన్సయితే ల్యాండ్‌స్కేపులో అది దోషం కాకపోగా ఉపకారమే, కింది మూలల్లో దగ్గరి నేల దానంతటదే పదునెక్కుతుంది. అటువైపుకి వంగేదైతే జాగ్రత్త పడాలి. లెన్సు గురించి ఇంత చెప్పే రివ్యూ ఏదీ నాకు దొరకలేదు, కళ్లమే చెప్పింది.

నిజానికి మీరు మెత్తగా వచ్చిందని బాధపడే ఫొటోల్లో చాలావాటికి కారణం లెన్సూ కాదు, డెప్తూ కాదు. కదలిక. రేపు పొద్దున వెలుగు రాకముందు ఎఫ్/16, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత ఎక్కువగా స్పందించాలో చెప్పే అంకె) 100 పెడితే షట్టరు సెకనులో నాలుగో వంతు దగ్గరికి పోతుంది. ఆ అంచున గాలి ఆగదు. ట్రైపాడ్ మీద కెమెరా కదలకపోయినా గడ్డి కదులుతుంది. ఎఫ్/8, ఐఎస్ఓ 400 పెట్టండి, అదే వెలుగుకి సెకనులో అరవయ్యో వంతు వస్తుంది. కాస్త నాయిస్, అంటే గరుకు చుక్కలు, వస్తే వచ్చింది, గడ్డి గడ్డిలా ఉంటుంది. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకండి. మెడ పట్టీ తీసెయ్యండి, గాలికి అది జెండాలా కొట్టుకుని కెమెరాని ఊపుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ ఆపెయ్యండి. లెన్సు ముందు వేలిముద్ర ఉందేమో చూసుకోండి. దీన్ని మూడు నిమిషాల్లో చెప్పేశాను గానీ, మార్కులన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఇంకో శత్రువు ఎండ. తొమ్మిది గంటలు దాటాక బండలు కాగి, లోయలోంచి వేడి గాలి అలలు అలలుగా లేస్తుంది. పెద్ద జూమ్ పెట్టి ఆవలి గోడ తీస్తే నీళ్లలో చూసినట్టు వస్తుంది. దానికి ఏ లెన్సూ లేదు, ఏ అపెర్చరూ లేదు. తెల్లవారుజామున రమ్మని ప్రాణం తీసేది అందం కోసమే కాదు.

— అన్నా, ఫోన్లో తీసేవాళ్ల సంగతేమిటి?

ఇప్పటి పెద్ద ఫోన్లలో మెయిన్ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ ఆరేడు మి.మీ., అపెర్చర్ ఎఫ్/1.8 అటూ ఇటూ. ఏడుని 1.8తో భాగించు. నాలుగుకి కాస్త తక్కువ. మళ్లీ అదే జొన్న గింజ! ఎఫ్/1.8 అని రాశారు గదా అని వెనకంతా మసకైపోతుందని అనుకోనక్కర్లేదు. ఆవలి గోడ మీద వేలు పెట్టి తాకు, ఫోకస్ అక్కడ తాళం వేసుకుంటుంది, తీసెయ్. జూమ్ మాత్రం చెయ్యకు.

— ఫోకస్ స్టాకింగ్ చేస్తే ఈ గొడవే ఉండదు కదా సార్?

ఉండదు. దగ్గరికి ఒకటి, మధ్యకి ఒకటి, దూరానికి ఒకటి తీసి కంప్యూటర్లో కలిపెయ్యొచ్చు. గాలి లేని రోజున, బండా కొండా మాత్రమే ఉన్నప్పుడు అద్భుతంగా కుదురుతుంది. ఫ్రేములో గడ్డి ఊగుతుంటే అంచుల్లో దెయ్యాల్లాంటి జంట రూపాలు వస్తాయి, వాటిని చెరపడానికి రాత్రంతా కూర్చోవాలి. ఫోకస్ మారుస్తుంటే ఫ్రేము కూడా కాస్త పెరిగి తరుగుతుంది, కాబట్టి అంచుల్లో ఖాళీ వదిలి తీయండి. నేను చేస్తాను, ఎప్పుడో ఒకసారి. మబ్బులు వేగంగా మారే పొద్దున వీటిలో పడితే, మూడు ఫొటోలు కలిపేలోపు ఆ వెలుగు పోతుంది.

రేపటి పని చెప్పి ముగిస్తాను. నాలుగున్నరకి కింద గేటు దగ్గర ఉండండి. చీకట్లో ఆటోఫోకస్ తడుముకుంటుంది. దూరాన ఊరివైపు ఏదైనా దీపం కనబడితే దానికి పెట్టండి, లేకపోతే తూరుపు తెల్లబడేదాకా ఆగండి. లైవ్ వ్యూలో, అంటే వెనక తెరమీద, పెంచి చూసుకుంటూ చేత్తో ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. మొదటి ఫొటో తీశాక వంద శాతం పెంచి ముందు ఆవలి గోడ చూడండి, తర్వాతే కాళ్ల దగ్గర చూడండి. టార్చి తప్పనిసరి. కెమెరాలో చూస్తూ ఎవరూ వెనక్కి గానీ ముందుకి గానీ అడుగు వెయ్యొద్దు, అక్కడ అడుగు వేస్తే మూడు వందల అడుగులు. ఇంకేమైనా ఉన్నాయా ప్రశ్నలు?

— సార్, ఆ ప్రింటు ఏమైంది?

ఇంకా ప్రొద్దుటూరులో హాల్లోనే ఉంది. మళ్లీ తీసి వేరేది వేయిస్తానన్నాను, మా బావమరిది వద్దన్నాడు, అలవాటైపోయిందట. అందుకని మొన్న దసరాకి వెళ్లినప్పుడు నేనే పెద్ద సోఫా జరిపించి సరిగ్గా ఆ ఫొటో కింద వేయించాను. ఇప్పుడు ఎవరూ దానికి మీటరు కన్నా దగ్గరకి పోలేరు.